మూగ తెర మీద కాలేజీ ఫుట్‌బాల్: ఎర్రజుట్టు గ్రేంజ్ కథ

1925 డిసెంబరులో సి.సి. పైల్ అనే ఒక మేనేజరు న్యూయార్క్ విలేకరులను పిలిచి ఒక చెక్కు చూపించాడు. దాని మీద అంకె 3 లక్షల డాలర్లు. యారో పిక్చర్స్ అనే సినిమా కంపెనీ ఇచ్చిందన్నాడు. ఎవరికయ్యా అంటే, నిన్నమొన్నటి దాకా ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడిన 22 ఏళ్ల కుర్రాడికి. చెక్కు సంగతి పత్రికల్లో మోగిపోయింది. ఆ కంపెనీ మాత్రం ఆ కుర్రాడితో ఒక్క సినిమా కూడా తీయలేదు. అది జనం చెవిలో పడేయడానికి పుట్టించిన కాగితమేనని తర్వాత తేలింది. అయినా సినిమా వచ్చింది. వేరే కంపెనీ తీసింది, పది నెలలు తిరక్కుండానే తీసింది. దాని పేరు ‘వన్ మినిట్ టు ప్లే’.

ఈ ధారావాహికలో ఇంతవరకు కౌబాయ్‌లను చూశాం, కీస్టోన్ పోలీసులను చూశాం, మంచుగడ్డల మీద కొట్టుకుపోయే కథానాయికలను చూశాం. ఈ భాగం కాలేజీ కుర్రాళ్లది.

ముందు ఆట సంగతి. మన ఊళ్లలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రని బంతి. అమెరికావాళ్లు ఆ పేరుతో ఆడుకునేది పూర్తిగా వేరే ఆట. బంతి కోలగా, రెండు కొసలా మొనదేలి ఉంటుంది. తన్నేది తక్కువ, చేతుల్లో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. మైదానం 100 గజాలు. బంతిని చంకలో ఇరికించుకుని అవతలివాళ్ల చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాటనివ్వకుండా ఎదుటి జట్టులోని 11 మందీ మీద పడి కూలదోస్తారు. కబడ్డీలో కూతకెళ్లినవాడు పట్టు విడిపించుకుని గీత వైపు దూకే క్షణం ఉంటుందే, ఇక్కడ ప్రతి పరుగూ అలాంటిదే. మాటల్లేని సినిమాకు ఇంతకన్నా అనువైన ఆట దొరకదు. బంతి ఎవడి దగ్గర ఉంది, ఎవడు తరుముతున్నాడు, గీత ఇంకెంత దూరం అన్నవి ఎవరూ చెప్పక్కర్లేదు. కంటికే తెలిసిపోతాయి.

కెమెరాకు ఈ సంగతి త్వరగానే అర్థమైంది. 1903లోనే ఎడిసన్ కంపెనీ ప్రిన్స్‌టన్, యేల్ జట్ల మధ్య జరిగిన ఆటను చిత్రీకరించింది. అప్పటికి కథా చిత్రాలు ఇంకా బుడిబుడి అడుగుల్లో ఉన్నాయి. ఆట మాత్రం అప్పటికే ముదిరింది. ఎంత ముదిరిందంటే మనుషులు చచ్చిపోయేవారు. 1905 సీజనులో కనీసం 18 మంది కుర్రాళ్లు మైదానాల్లో తగిలిన దెబ్బలకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి, ఆటను దారిలో పెట్టమన్నాడు. మరుసటేడు నియమాలు మారాయి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. మూకుమ్మడిగా గుద్దుకునే ఆటకు కాస్త గాలి ఆడింది, చూసేవాళ్లకు బంతి కనిపించడం మొదలైంది.

తర్వాతి ఇరవై ఏళ్లలో ఈ ఆట అమెరికా విశ్వవిద్యాలయాలకు జాతరైపోయింది. 1914లో యేల్ 70 వేల మంది పట్టే గిన్నెలాంటి స్టేడియం కట్టుకుంది. 1922లో ఒహాయో, 1923లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు, ఆ వెంటనే ఇలినాయ్ అదే బాట పట్టాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ల స్మారకాలని కొన్నిటికి పేరు పెట్టారు. టిక్కెట్ల డబ్బు మాత్రం బతికున్నవాళ్ల పెట్టెల్లోనే పడేది. శిక్షకులకు జీతాలున్నాయి, మేనేజర్లకు జీతాలున్నాయి, గడ్డి కోసేవాడికి కూడా కూలి ఉంది. ఆడే కుర్రాడికి మాత్రం పైసా ముట్టకూడదు. అతను ఔత్సాహికుడు. కాలేజీ గౌరవం కోసం ఆడతాడు. డబ్బు తీసుకుంటే మైలపడతాడు.

ఈ మడి ఎంత కఠినమైనదో జిమ్ థోర్ప్‌ను అడగాలి. కార్లైల్ ఇండియన్ స్కూల్లో ఫుట్‌బాల్ ఆడిన ఈ మూలవాసి యువకుడు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకు ముందు వేసవుల్లో చిన్నపాటి బేస్‌బాల్ జట్లకు కొద్ది డబ్బు తీసుకుని ఆడాడని బయటపడేసరికి, 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేసుకుంటూ కనిపించాడు థోర్ప్.

సినిమాలకు ముడిసరుకు ఇక్కడే దొరికింది. 1925లో వచ్చిన ‘బ్రేవ్‌హార్ట్’ చూడండి. అందులో నాయకుడు మూలవాసి. తన తెగవాళ్ల చేపల వేట హక్కుల కోసం న్యాయశాస్త్రం చదవడానికి కాలేజీకి వస్తాడు, ఫుట్‌బాల్‌లో మెరుస్తాడు. జట్టు రహస్య సంకేతాలు అవతలివాళ్లకు అమ్మేశాడన్న నింద మోసి కాలేజీ నుంచి గెంటివేతకు గురవుతాడు. మూలం 1905 నాటి రంగస్థల నాటకం, రాసింది విలియం డిమిల్, ప్రసిద్ధ దర్శకుడు సెసిల్ డిమిల్‌కు అన్న. మూలవాసి వేషం కట్టింది తెల్లజాతి నటుడు రాడ్ లా రాక్. ఆ రోజుల్లో అది ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. కథలో అసలు నేరం ఏమిటో గమనించండి: డబ్బు తీసుకుని ఆటను అమ్మడం.

అదే ఏడాది హెరాల్డ్ లాయిడ్ ‘ద ఫ్రెష్‌మన్’ తీసి జనాన్ని నవ్వించి, పెట్టెలు నింపుకున్నాడు. అందులో నాయకుడు జట్టుకు నీళ్లు మోసేవాడు. అసలు ఆటగాళ్లంతా దెబ్బలు తిని పడిపోయాక గత్యంతరం లేక మైదానంలోకి దిగుతాడు. ఈ హాస్యచిత్రం కోసం లాయిడ్ చేసిన పని చెప్పుకోదగ్గది. 1924 నవంబరులో బర్క్‌లీలో కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్ జట్ల పెద్ద ఆట జరుగుతుంటే, మధ్య విరామంలో కెమెరాతో మైదానంలోకి దిగి అసలు జనం ముందే కొన్ని దృశ్యాలు తీసుకున్నాడు. స్టేడియం నిండా మనుషులు, ఒక్కడికీ కూలి ఇవ్వక్కర్లేదు!

ఇక మన ఎర్రజుట్టు కుర్రాడి దగ్గరికి వద్దాం.

హెరాల్డ్ గ్రేంజ్ 1903లో పెన్సిల్వేనియాలోని ఫోర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి కలపకొట్టే శిబిరంలో మేస్త్రీ. తల్లి చిన్నప్పుడే పోయింది. తర్వాత కుటుంబం షికాగో దగ్గర వీటన్‌కు మారింది. అక్కడ తండ్రి పోలీసు ఉద్యోగంలో చేరాడు. కొడుకు వేసవి సెలవుల్లో ఐసు బండి మీద పని చేశాడు. ఫ్రిజ్‌లు ఇంటింటా లేని కాలం. ఐసు దిమ్మలు భుజాన వేసుకుని మెట్లెక్కి దిగి, ఇళ్లకు చేర్చేవాడు. కాళ్లూ భుజాలూ అలా గట్టిపడ్డాయని అతనే చెప్పుకునేవాడు. ‘వీటన్ ఐసు కుర్రాడు’ అన్న పేరు చివరిదాకా వెంటే ఉంది. జుట్టు రంగును బట్టి వచ్చిన ‘రెడ్’ సరేసరి.

ఇలినాయ్‌లో చేరినప్పుడు అతనికి ఫుట్‌బాల్ ఆడే ఉద్దేశమే లేదు. మైదానం నిండా తనకన్నా బలిష్ఠులు కనిపించేసరికి వెనక్కి తిరిగి వచ్చేశాడు. హాస్టల్‌లోని సీనియర్లు చెక్క తెడ్డు చూపించి మళ్లీ పంపించారు. శిక్షకుడు బాబ్ జుప్‌కీ అతని చొక్కా మీద 77 అంకె వేయించాడు.

1924 అక్టోబరు 18న ఇలినాయ్ కొత్త స్మారక స్టేడియానికి ప్రతిష్ఠ. ఎదుటి జట్టు మిషిగన్. 1921 తర్వాత ఒక్క ఓటమీ ఎరగనివాళ్లు. ఆట మొదలుపెడుతూ మిషిగన్ తన్నిన బంతి నేరుగా గ్రేంజ్ చేతిలో పడింది. అతను 95 గజాలు పరిగెత్తి గీత దాటాడు. తర్వాత 67 గజాలు, ఆ పైన 56, ఆ పైన 44. మొదటి 12 నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు. విశ్రాంతి తీసుకుని వచ్చి అయిదోది కూడా చేశాడు, ఆరోదానికి బంతి అందించాడు. స్కోరు 39–14. ‘పరుగెత్తే దయ్యం’ అని పత్రికలు పేరు పెట్టాయి. పట్టుకోబోతే చేతికి చిక్కడు మరి. మరుసటేడు అక్టోబరులో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రం మీదకెక్కాడు. అదే నెలాఖరున ఫిలడెల్ఫియా బురదలో పెన్సిల్వేనియా జట్టు మీద 363 గజాలు పరిగెత్తి, తూర్పుతీరపు పెద్దమనుషుల పెదవి విరుపు కూడా మాన్పించాడు.

పైల్ ప్రవేశం ఇక్కడ. అతను సినిమాహాళ్లు నడిపేవాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న షాంపేన్ పట్టణంలో వర్జీనియా థియేటర్ అతని చేతిలో ఉంది. 1925లో ఒక సాయంత్రం గ్రేంజ్ ఆ హాల్లో సినిమా చూస్తుంటే, టార్చి కుర్రాడు వచ్చి యజమాని పిలుస్తున్నాడని మేడ మీదికి తీసుకెళ్లాడు. లక్ష డాలర్లు సంపాదించే దారి చూపిస్తానన్నాడు పైల్. ఆ సాయంత్రం తెర మీద ఆడుతున్నది లాయిడ్ ‘ద ఫ్రెష్‌మన్’ అని చెబుతారు. అదే నిజమైతే, విధికి హాస్యచతురత బాగానే ఉందనుకోవాలి.

నవంబరు 21న కొలంబస్‌లో ఒహాయో మీద చివరి కాలేజీ ఆట, 80 వేలకు పైగా జనం. ఆట ముగియగానే తాను ప్రొఫెషనల్‌గా మారుతున్నట్టు గ్రేంజ్ ప్రకటించాడు. డిగ్రీ పూర్తి కాలేదు. దేశం విస్తుపోయింది. అప్పట్లో డబ్బుకు ఆడే ఫుట్‌బాల్ అంటే గౌరవం లేదు. ఆటగాడికి ఆటకు 100 డాలర్ల చుట్టుపక్కల ముట్టేవి, అంతే. జుప్‌కీ మండిపడ్డాడు. అయిదు రోజుల తర్వాత, థాంక్స్‌గివింగ్ పండుగనాడు, గ్రేంజ్ షికాగో బేర్స్ చొక్కాతో మైదానంలో ఉన్నాడు. 36 వేల మంది వచ్చారు. ఆ తర్వాత పైల్ నడిపించిన యాత్ర మనుషులకు పెట్టకూడనిది: 18 రోజుల్లో 10 ఆటలు. డిసెంబరు 6న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో 65 వేలకు పైగా జనం దిగారు. అప్పుల్లో మునిగిన న్యూయార్క్ జెయింట్స్ యజమాని టిమ్ మారా ఆ ఒక్క రోజుతో గట్టెక్కాడు. గ్రేంజ్ చెయ్యి మాత్రం వాచిపోయింది, చివరికి ఆటకు దిగలేకపోయాడు. మధ్యలో గ్రేంజ్ పేరుతో స్వెట్టర్లు, బొమ్మలు, మిఠాయిలు అమ్ముడయ్యాయి. మనం మొదట చూసిన చెక్కు ఈ సంతలో సరుకే.

ఆ సందట్లోకి వచ్చినవాడు జోసెఫ్ కెనడీ, బోస్టన్ బ్యాంకరు. 1926 ఫిబ్రవరిలో ఎఫ్.బి.ఓ. అనే సినిమా సంస్థను సుమారు 10 లక్షల డాలర్లకు కొన్నాడు. పెద్ద నగరాల రాజభవనాల్లాంటి హాళ్లకు కాదు, చిన్న పట్టణాల హాళ్లకు సరుకు పంపే కంపెనీ అది. కౌబాయ్ సినిమాలు, కుస్తీలు, కుక్కల సాహసాలు దాని పెట్టుబడి. గ్రేంజ్‌ను పెట్టి తీస్తే చూస్తారా అని కెనడీ ఇంట్లో కొడుకులను అడిగాడట. ఎగిరి గంతేశారట. ఆ కొడుకుల్లో రెండోవాడికి అప్పటికి ఎనిమిదేళ్లు. పేరు జాన్. తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. మార్కెట్ సర్వే అంతటితో ముగిసింది.

దర్శకుడు శామ్ వుడ్. 1935లో మార్క్స్ సోదరులతో ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ తీసినవాడు ఇతనే. కథ రాసింది బైరన్ మోర్గన్. కారు పందేల సినిమాలు రాయడంలో చెయ్యి తిరిగినవాడు, వేగం తెర మీద ఎలా పండుతుందో తెలిసినవాడు. నాయిక మేరీ మెకాలిస్టర్, షికాగో స్టూడియోల్లో బాలనటిగా మొదలైన అమ్మాయి. నాయకుడి తండ్రి వేషం చార్లెస్ ఓగల్‌ది. ఈ పేరు గుర్తుంచుకోదగ్గది. 1910లో ఎడిసన్ కంపెనీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసినప్పుడు రాక్షసుడి వేషం కట్టినవాడు ఇతనే. పదహారేళ్ల తర్వాత ఫుట్‌బాల్ అంటే గిట్టని నాన్నగా వచ్చాడు.

సినిమాలో గ్రేంజ్ పేరు రెడ్ వేడ్. హైస్కూల్లో గొప్ప ఆటగాడు. కాలేజీకి వెళ్లేముందు ఫుట్‌బాల్ జోలికి పోకూడదని తండ్రి ఆంక్ష పెడతాడు. పార్మలీ అనే చిన్న కాలేజీలో చేరతాడు కుర్రాడు. జట్టు దీనస్థితి చూసి ఊరుకోలేక ఆడతాడు, జట్టు గెలవడం మొదలవుతుంది. తండ్రికి తెలుస్తుంది. ఆ కాలేజీకి ఇవ్వబోయిన భారీ విరాళం ఆపేస్తానంటాడు. కొడుకు ఆడితే కాలేజీకి డబ్బు రాదు, ఆడకపోతే కాలేజీ ఓడిపోతుంది. కారణం బయటికి చెప్పకుండా బల్ల మీద కూర్చుంటాడు కుర్రాడు. జనం పిరికివాడంటారు. చివరికి తండ్రి మనసు మారుతుంది, గడియారంలో మిగిలింది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

కథ పాత చింతకాయ పచ్చడే. దాని మధ్యలో నిలబడ్డ మనిషి వల్లే ఆసక్తి అంతా. ఆట కోసం కాక డబ్బు కోసం ఆడాడని దేశమంతా వేలెత్తి చూపించినవాణ్ని తెచ్చి, కాలేజీ ఖజానా కోసం తన ఆటే వదులుకునే పవిత్ర ఔత్సాహికుడి వేషం వేయించారు. ఆ వేషానికి కూడా డబ్బిచ్చారు. ఇంతకన్నా తెలివైన పాత్ర ఎంపిక మూకీల చరిత్రలో కొద్దిగానే దొరుకుతుంది. ఇంకో తమాషా ఉంది. ‘విద్యార్థి ఆడితే విశ్వవిద్యాలయానికి నష్టం’ అన్నది సినిమాలో ముడి. బయట లోకంలో సరిగ్గా తలకిందులు. గ్రేంజ్ ఆడినన్నాళ్లూ ఇలినాయ్ స్టేడియం నిండేది, ఆ సొమ్ములో అతనికి వాటా లేదు. ఆ ఊసు తెర మీద ఎక్కడా రాలేదు. అప్పటి కాలేజీ సినిమాల్లో స్టేడియం ఉంటుంది, జనం ఉంటారు, టిక్కెట్ల కౌంటరు కనిపించదు.

చిత్రీకరణ వేసవిలో జరిగింది, కాలిఫోర్నియాలో. ఆట దృశ్యమేమో చలికాలానిది. స్టేడియం నిండా జనం కావాలి, వాళ్లంతా కోట్లు వేసుకుని ఉండాలి. అంతమందికి కూలి ఇవ్వడం ఎఫ్.బి.ఓ. తాహతుకు మించిన పని. పైల్ ఉపాయం గ్రేంజ్ తర్వాత ఇష్టంగా చెప్పుకునేవాడు. గ్రేంజ్ జట్టుకూ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జార్జ్ విల్సన్ జట్టుకూ అసలు పోటీ పెట్టించి, చలికోటూ టోపీ వేసుకొచ్చినవాళ్లకు ప్రవేశం ఉచితం అని ప్రకటన ఇచ్చాడు. వేలమంది వచ్చారు, మండుటెండలో ఉన్ని కోట్లతో. వాళ్లకు ఊరికే ఆట దొరికింది, సినిమాకు ఊరికే జనం దొరికారు. ఈ విల్సన్ గ్రేంజ్‌కు కొత్తవాడు కాదు. అదే జనవరిలో లాస్ ఏంజిలిస్ కొలిజియంలో బేర్స్ ఆడిన ఆటలో ఎదుటి జట్టు నాయకుడు అతనే.

1926 సెప్టెంబరులో, కాలేజీ సీజను మొదలయ్యే వేళకు, సినిమా విడుదలైంది. గ్రేంజ్ తెర మీద బెరుకు లేకుండా సహజంగా ఉన్నాడని మెచ్చుకున్నారు. మాటలు పలకాల్సిన అవసరం లేని కాలం అతనికి కలిసొచ్చిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మూకీల్లో ఆటగాడి ఒళ్లే అతని సంభాషణ. నటుణ్ని ఆటగాడిగా చూపించాలంటే కత్తెర పనితనం కావాలి, ఆటగాణ్ని నటుడిగా చూపించాలంటే అతణ్ని పరిగెత్తనిస్తే చాలు.

హాలీవుడ్ ఈ సంగతి వెంటనే పట్టేసింది. 1926 జనవరి 1న రోజ్ బౌల్‌లో ఇదే విల్సన్ జట్టును 20–19తో ఓడించిన అలబామా ఆటగాడు జానీ మ్యాక్ బ్రౌన్ ఏడాది తిరిగేసరికి ఎం.జి.ఎం. నటుడయ్యాడు. 1928లో గ్రెటా గార్బో సరసన కూడా కనిపించాడు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన మేరియన్ మారిసన్ అనే పొడుగాటి కుర్రాడు ఫుట్‌బాల్ సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేశాడు. వాటిలో ఒకటి రిచర్డ్ బార్తెల్‌మెస్ నటించిన 1927 నాటి ‘ద డ్రాప్ కిక్’. ఈ మారిసన్ తర్వాత పెట్టుకున్న పేరు జాన్ వేన్. బస్టర్ కీటన్ ఒక్కడే దారి మార్చాడు. 1927లో ‘కాలేజ్’ తీస్తూ ఫుట్‌బాల్‌ను పక్కన పెట్టి బేస్‌బాలూ పరుగుపందేలూ పట్టుకున్నాడు. అప్పటికి ఆ మైదానం కిక్కిరిసిపోయింది మరి.

గ్రేంజ్ నటజీవితం పెద్దగా సాగలేదు. 1927లో ‘ఎ రేసింగ్ రోమియో’ అనే కారు పందేల సినిమా చేశాడు, అది ఆడలేదు. బేర్స్‌ను వదిలి అతను చేరిన లీగు, పైల్ సొంతంగా పెట్టినది, 1926లో మొదలై ఒక్క సీజనుతో మూతపడింది. చదువు పూర్తికాని విద్యార్థులను జట్లలోకి లాగకూడదని బేర్స్ ఆడే పాత లీగు నియమం పెట్టుకుంది, కారకుడు గ్రేంజే. 1927 అక్టోబరులో తన పాత జట్టు బేర్స్ మీదే ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ మీదట మళ్లీ ఆడాడు గానీ, దయ్యంలా మాయమయ్యే ఆ పరుగు తిరిగి రాలేదు.

1929 అక్టోబరు చివరి వారంలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ఆటల మీద ఒక పెద్ద నివేదిక బయటపెట్టింది. తాము పరిశీలించిన కాలేజీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల చోట్ల ఆటగాళ్లకు ఏదో ఒక రూపంలో డబ్బు ముడుతోందని తేల్చింది. ఉత్తుత్తి ఉద్యోగాలు, తిరిగి తీర్చనక్కర్లేని అప్పులు, పూర్వ విద్యార్థుల రహస్య నిధులు అన్నీ లెక్కకొచ్చాయి. అదే వారం వాల్‌స్ట్రీట్ కుప్పకూలింది కాబట్టి నివేదిక గోల త్వరగానే సద్దుమణిగింది. అదే శరత్కాలంలో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ కొడుకు, లొరెట్టా యంగ్ జంటగా ‘ది ఫార్వర్డ్ పాస్’ వచ్చింది, పాటలతో సహా. ఫుట్‌బాల్ ఆటగాళ్లు తెర మీద నోరు విప్పారు. వాళ్లు ఏం మాట్లాడారో, 1931లో గ్రేంజ్ మళ్లీ ‘ది గ్యాలపింగ్ ఘోస్ట్’ అనే 12 భాగాల సీరియల్‌తో ఎలా తిరిగొచ్చాడో వచ్చే భాగంలో.